డేరా మామ టేబుళ్ళు, నా టేబుళ్ళు

చేసే పని పేరు చెప్పగానే ఎదుటివాళ్ళకు అర్థమైపోయే ఉద్యోగాలు చేసేవాళ్ళంటే నాకు ఇప్పటికీ కాస్త అసూయే. ఆ రోజుల్లో అది మరీ ఎక్కువగా ఉండేది. టీచరంటే టీచరు, కండక్టరంటే కండక్టరు. నేను మాత్రం "మైగ్రేషన్ టూల్ తయారుచేస్తున్న" అనేదాన్ని. బీదరులో మైగ్రేషన్ అంటే ఒకటే అర్థం. ఇక్కడ డిగ్రీ పూర్తిచేసి హైదరాబాదులో పైచదువులకు వెళ్ళే పిల్లలు యూనివర్సిటీ నుంచి తెచ్చుకోవాల్సిన సర్టిఫికెట్. దానికోసం ఎంత తిరగాలో తిరిగినవాళ్ళకే తెలుసు. అందుకని మా అమ్మ చర్చిలో ఎవరికో గొప్పగా "మా పిల్ల మైగ్రేషన్ పని చేస్తాంది" అని చెప్పిన ఆదివారం నుంచి మా ఇంటికి మనుషులు రావడం మొదలైంది. జనవాడ నుంచి ఒకాయన కూతుర్ని వెంటబెట్టుకుని, సంచినిండా జామపళ్ళు తెచ్చి, "జర జల్ది ఇప్పియ్యి బిడ్డా, అడ్మిషన్ బందయితదంట" అని బతిమాలాడు. అది వేరే, ఇది వేరే అని నేను ఎంత చెప్పినా ఆయన నమ్మలేదు. పెద్దపనిలో ఉన్నవాళ్ళు ఊరికే ఒప్పుకోరని అనుకుని, జామపళ్ళు అక్కడే పెట్టి వెళ్ళాడు. (చాలా తియ్యగా ఉన్నాయి. తిన్నాం.)

అసలు నేను చేసే పని ఇది. వెబ్‌సైట్లు కట్టేవాళ్ళకోసం, డేరాకు గుంజలూ తాళ్ళూ ఉన్నట్టు, ముందే తయారుచేసి పెట్టిన సామాను ఒకటి ఉంటుంది. ఫ్రేమ్‌వర్క్ అంటారు. నేను చేరింది ఉచితంగా దొరికేదాంట్లో. లోకమంతటా ఉన్నవాళ్ళు తలా ఒక చెయ్యి వేసి దాన్ని నడిపిస్తారు, జీతం ఉండదు. ఇంజనీరింగ్ అయిపోయి, ఒక కాలేజీ ల్యాబులో తాత్కాలిక ఉద్యోగం చేస్తూ, ఖాళీ సమయంలో నేనూ ఒక చెయ్యి వేశాను. వెబ్‌సైటు వెనక సమాచారమంతా పట్టికల్లో ఉంటుంది. మా వాళ్ళు వాటిని టేబుళ్ళంటారు. (ఈ ఒక్క మాట గుర్తుంచుకోండి, మిగతావి మరచిపోయినా ఫరవాలేదు.) సైటు పెరిగేకొద్దీ ఆ టేబుళ్ళను మార్చాల్సి వస్తుంది. లోపలి సమాచారం ఒక్క చుక్క కూడా ఒలకకుండా ఆ మార్పు చేసే పనిముట్టే మైగ్రేషన్ టూల్. మా పాత టూలుకు ఒక తెలివితక్కువతనం ఉండేది. ఒక టేబుల్ పేరు "పిల్లలు" నుంచి "పాఠకులు"గా మారిస్తే, పిల్లలు పోయారు కాబోలు అనుకుని ఆ టేబుల్‌ను అందులోని పేర్లతో సహా తీసి పారేసేది, పాఠకులు అని ఒక ఖాళీ టేబుల్ తెచ్చి పెట్టేది. నేను రాసిన భాగం అక్కడ ఒక్క క్షణం ఆగి, "ఇది పోయి అది వచ్చిందా, లేక దీని పేరే మారిందా?" అని మనిషిని అడుగుతుంది. అంతే. కానీ ఆ అంతే కోసం నేను పడ్డ తిప్పలు అన్నీ ఇన్నీ కావు.

ఎందుకంటే ఆ ప్రాజెక్టుకు ఒక పెద్దాయన ఉండేవాడు. ఎక్కడో చలిదేశంలో ఉంటాడు, కోడికంటే ముందు లేస్తాడు. నేను పంపిన ప్రతిదాన్నీ ఓపికగా చదివి "బాగుంది" అని మొదలుపెట్టేవాడు. ఆ తరువాతి వాక్యం "కానీ" అని వచ్చేది. ఆ కానీ కింద ఒక పేజీ ఉండేది. మళ్ళీ రాసేదాన్ని, మళ్ళీ బాగుంది, మళ్ళీ కానీ. నేను ముఖం వేలాడేసుకుని కూర్చుంటే మా అమ్మ చూసి, "పైస ఇయ్యడు, పని బాలేదంటడు. గిట్లాంటోడు మా అత్తకన్న అధ్వాన్నం ఉన్నడే" అనేది. చివరికి ఒక శుక్రవారం, కానీ లేని "బాగుంది" ఒకటి వచ్చింది. నా భాగం టూలులో చేరింది. కొత్త విడుదలతోపాటు లోకంలోకి వెళ్ళింది. కింద చిన్న అక్షరాల్లో నా పేరు కూడా ఉంది. ఆ పేరును నేను ఎన్నిసార్లు తెరిచి చూసుకున్నానో చెప్పను.

మరునాడు హుమ్నాబాద్‌లో మా వదిన పెళ్ళి. వదినంటే మా డేరా మామ కూతురు. డేరా మామ మా అమ్మకు సొంత అన్న. హుమ్నాబాద్ హైవే మీద ఆయనకు టెంటుహౌసు ఉంది. షామియానాలు, కుర్చీలు, భోజనాల టేబుళ్ళు, పెద్ద పెద్ద వంట గంజులు, అన్నీ కిరాయికిస్తాడు. ఆయనకు లోకంలో ఒకే ఒక్క భయం, సామాను పోవడం. ప్రతి పెళ్ళిలో రెండు కుర్చీలన్నా మాయమవుతాయట. ఎవరింటికి వెళ్ళినా ముందు వాళ్ళ కుర్చీలను తిరగేసి, కింద తన గుర్తుందేమో చూసేవాడు. (మా ఇంట్లో ఒకటి దొరికింది. దాని గురించి ఇప్పటికీ ఎవరూ మాట్లాడరు.) అలాంటి మనిషి సొంత కూతురి పెళ్ళి. పెళ్ళికొడుకు వాళ్ళది భాల్కి. ఆ వైపు మరాఠీ ఎక్కువ, మర్యాదలు ఇంకా ఎక్కువ. "భోజనాలకాడ ఒక్క మనిషి గూడ నిలబడొద్దు, అందరు ఒక్కపారి కూసోవాలె" అని మామ తన దుకాణంలో ఉన్న టేబుళ్ళన్నీ దింపించాడు. చర్చికి కాస్త దూరంలో ఉన్న స్కూలు మైదానంలో భోజనాల ఏర్పాటు.

చర్చిలో ఆరాధన మొదలైంది. నేను పట్టుచీరలో, పూలతో, చేతిలో ఫోనుతో మూడో వరసలో కూర్చున్నాను. విడుదలైన టూలు గురించి ఎవరైనా ఏమైనా మంచిమాట రాశారేమోనని చీర మడతల్లో దాచుకుని చూస్తున్నాను. ఒక సందేశం వచ్చింది. ఎక్కడో సముద్రం మధ్య ఒక చిన్న దీవిలో ఊరి గ్రంథాలయం నడిపే ఆమె రాసింది. "మీ కొత్త టూలు వాడాను. నా టేబుళ్ళన్నీ పోయాయి. పుస్తకాలు, పిల్లల పేర్లు, ఎవరు ఏది తీసుకెళ్ళారు, ఏమీ లేవు. ఎవరైనా సాయం చెయ్యండి." కింద ఎవరో, "ఎవరూ ఈ విడుదల వాడకండి" అని రాశారు. దాని కింద పెద్దాయన: "చూస్తున్నాను. ఈ భాగం రాసినవారు ఎక్కడ?"

రాసినవారు హుమ్నాబాద్ చర్చిలో, గాయకబృందం నాలుగో చరణం పాడుతుండగా, చెమటలు కక్కుతున్నారు.

అప్పుడే ఫోను మోగింది. హైదరాబాదులో ఉద్యోగం చేసే నా కాలేజీ స్నేహితురాలు. అదీ అదే ఫ్రేమ్‌వర్క్‌తో పని చేస్తుంది. నేను వంగి వంగి పక్కవాళ్ళ కాళ్ళు తొక్కుకుంటూ బయటికి పరుగెత్తాను. ఆ చర్చి ఆవరణలో మాట తెగకుండా సిగ్నలు దొరికేది ఒక్కచోటే, ముందు వరసల పక్కనున్న పెద్ద కిటికీ కింద. లోపల పాట జోరుమీద ఉంది, కీబోర్డు, తబలా, తప్పెట్లు. అవతలిది చెప్పేది వినపడాలంటే చెవి మూసుకోవాలి, నేను చెప్పేది దానికి వినపడాలంటే అరవాలి. అరిచాను.

"ఏమైందే? చూసినవా? అన్నీ పోయినయంటనా? ఒక్కటి గూడ మిగల్లేదా?"

సరిగ్గా అక్కడ లోపల పాట అయిపోయింది. నాకు ఆ సంగతి తెలియలేదు. చర్చి అంతా నిశ్శబ్దమైన ఆ క్షణంలో, నా గొంతు కిటికీలోంచి దేవదూత గొంతులాగా లోపలికి వెళ్ళింది.

"టేబుళ్ళన్నీ పోయినయ్! అయ్యో దేవా, టేబుళ్ళన్నీ పోయినయ్!"

కిటికీ పక్క మొదటి కుర్చీలో డేరా మామ ఉన్నాడు.

తరువాత జరిగింది నాకు ఇతరులు చెప్పగా తెలిసింది. మామ ముఖం సున్నం కొట్టినట్టయిందట. పాస్టరయ్య ప్రసంగానికి గొంతు సవరించుకుంటుండగా, మామ వంగి నమస్కారంలాంటిది ఒకటి పెట్టి పక్క తలుపులోంచి మాయమయ్యాడట. భాల్కి పెద్దమనిషి ఒకాయన పక్కాయన్ని "కాయ్ ఝాలా?" అని అడిగాడట. ఏమైందని. "టేబల్ గేలే" అని జవాబట, టేబుళ్ళు పోయాయని. ఆ మాట వరసవరసా వెనక్కి పోయింది. మధ్య వరసలకు వచ్చేసరికి టేబుళ్ళతోపాటు కుర్చీలూ పోయాయి. ఆడవాళ్ళ వరసల్లో వంటసామాను పోయింది. చిట్టచివరి బెంచీకి చేరేసరికి, భోజనాలు తెచ్చే లారీ హైవే మీద బోల్తాపడి దాల్చా అంతా రోడ్డుపాలైంది. మా అత్త ఇది విని సొమ్మసిల్లబోయి, పెళ్ళి ఆల్బంలో అట్లా పడతానేమోనని ఆగిందట.

నేనేమో కిటికీ కింద నా లోకంలో ఉన్నాను. సూటూ బూటూ వేసుకున్న మామ స్కూటరు మీద దూసుకుపోవడం కనపడింది కానీ, పెళ్ళన్నాక ఏదో పని ఉంటుందనుకున్నాను. నా మనసంతా ఆ దీవిలో ఉంది. ఎన్నడూ చూడని ఆ గ్రంథాలయం కళ్ళముందు ఆడుతోంది. ఎవరో పాప పుస్తకం తిరిగిచ్చేందుకు వస్తుంది. ఆమె కంప్యూటరు తెరుస్తుంది. పాప పేరు లేదు, పుస్తకం పేరు లేదు. నేను రాసిన భాగం, నేను, నా చిన్న అక్షరాల పేరు. స్నేహితురాలు పాపం ధైర్యం చెబుతోంది. "నా దగ్గర నడిపి చూసిన, మంచిగనే అడుగుతాంది, మంచిగనే మారుస్తాంది. నువ్వు పరేషాన్ గాకు." నీ దగ్గర మంచిగుంటే ఆమె దగ్గర ఎందుకు పోయినయే, అంటే దానికీ తెలియదు.

ఇంతలో మా అమ్మ వచ్చి జబ్బ పట్టుకుని గుంజింది. "మీ మామ యాడికి పోయిండే? లోపట అయ్యగారు అడుగుతుండ్రు, పిల్లనిచ్చేటోడు లేడు!"

ఇద్దరం లోపలికి పరుగెత్తాం. మా పెళ్ళిళ్ళలో పాస్టరయ్య పుస్తకం చూసి ఒక ప్రశ్న అడుగుతాడు, పెళ్ళికూతురి తండ్రి లేచి నిలబడి చెయ్యి అందించాలి. పాస్టరయ్య అప్పటికే ఒకసారి అడిగినట్టున్నాడు. మళ్ళీ అదే గంభీరస్వరంతో, "ఈ కన్యకను ఈ పురుషునికి ఇచ్చువారెవరు?" అన్నాడు. ఎవరూ లేవలేదు. వదిన ముసుగులోంచి తండ్రి కుర్చీ వంక చూసింది. ఖాళీ. పెళ్ళికొడుకు చూశాడు. అతని ముఖంలో చిరునవ్వు మెల్లగా తగ్గుతోంది. భాల్కి వరసల్లో గుసగుసలు. మా అత్త కళ్ళు తుడుచుకుంటోంది. నేను దీవి సంగతి ఒక్క నిమిషం మరచిపోయాను.

మూడోసారి అడగడానికి పాస్టరయ్య నోరు తెరిచాడు. అంతలో మొదటి వరసలోంచి మా అవ్వ, డేరా మామ తల్లి, కట్టె ఊతగా లేచింది.

"నేనిస్తున్న తీయి అయ్యా!" అంది. "ఇయ్యకపోతే గింతమందిని ఊకెనే పిలిసినమా? ఎన్నిసార్లడుగుతవు?"

చర్చి మొత్తం ఒక్కసారి ఊపిరి వదిలింది. ముందు నవ్వింది పెళ్ళికొడుకు తాత. ఆయన వెనక భాల్కి భాల్కంతా నవ్వింది. పాస్టరయ్య పుస్తకం అడ్డం పెట్టుకున్నాడు, భుజాలు మాత్రం కదులుతున్నాయి. అవ్వ వెళ్ళి మనవరాలి చెయ్యి తీసుకెళ్ళి అబ్బాయి చేతిలో పెట్టి, "గట్టిగ పట్టుకో, జారిపోతదీ పిల్ల" అని కూడా ఒక మాట చేర్చింది. అది పుస్తకంలో లేదు. ఉంగరాలు మార్చుకున్నారు. పాస్టరయ్య కళ్ళు మూసుకుని ఆశీర్వాద ప్రార్థన అందుకున్నాడు. ఈ నూతన గృహమునకు ఏ లోటునూ రానీయకుము, అనే చోటికి వచ్చేసరికి పెద్ద తలుపు ధడాలున తెరుచుకుంది. టై వెనక్కి తిరిగి, జుట్టు లేచి, డేరా మామ.

"ఉన్నయ్!" అని అరిచాడు. "టేబుళ్ళున్నయ్!"

సభ యావత్తు ఒక్క గొంతుతో "ఆమెన్" అంది.

బయట ఫొటోలప్పుడు అందరూ మామను చుట్టుముట్టారు. అవ్వ అయితే కట్టె ఎత్తింది కూడా. "బిడ్డ పెండ్లి వదిలి బల్లలెంటబడి పోయినవా రా?" మామ రుమాలుతో మెడ తుడుచుకుంటూ, "ఎవరో పోయినయని మొత్తుకున్నరే అమ్మా! నిజంగనే మైదానంల చూస్తే ఒక్క టేబుల్ లేదు. గుండె ఆగినంత పనైంది. పోలీసు టేషనుకు పోదమని స్కూటర్ తిప్పుతుంటె దాల్చా వాసనొచ్చింది. వాసనెంబడి పోతె బడి వెనక నీడకు అన్ని లైనుగ ఏసున్నయ్. ఎండ కొడుతుందని బావర్చి జరిపిచ్చిండు. ఎక్కడ పోయినయ్, యాడికి పోలె. నేను చూసిన జాగ వేరే, అవి ఉన్న జాగ వేరే!" అన్నాడు.

నేను ఆయన వెనక నిలబడి ఉన్నాను. ఎవరో అరిచారని ఆయన అంటున్నప్పుడు, ఆ ఎవరో నేనేనని అప్పుడే తెలిసి, మెల్లగా జారుకోబోతున్నాను. చివరి మాట దగ్గర నా కాళ్ళు ఆగిపోయాయి. చూసిన జాగ వేరే, ఉన్న జాగ వేరే. సైట్లు కట్టేవాళ్ళందరం రెండు జాగాలు పెట్టుకుంటాం. ఒకటి అసలు సమాచారం ఉండేది, ఇంకొకటి ముందుగా ప్రయత్నించి చూసుకునేందుకు, ఉత్త ఖాళీది. ఏది తెరవాలో ఒకచోట రాసి ఉంచుతాం. ఆమె ఏది తెరిచి చూస్తోంది? పొద్దున్నుంచి నేనూ, నా స్నేహితురాలూ, చలిదేశంలో పెద్దాయనా నేను రాసిన భాగాన్నే వెలుగులో పెట్టి చూస్తున్నాం. ఈ మాట ఎవరమూ అడగలేదు.

కిటికీ కిందికి పరుగెత్తాను. అక్కడ ఇప్పుడు పెళ్ళివాళ్ళు గుంపుగా ఫొటోలు పంపుకుంటున్నారు, నాకు సిగ్నలు అందడంలేదు. గోడ పక్కన మామ టెంటుహౌసు లారీ ఆగి ఉంది, మడిచిన షామియానాలు గుట్టగా. చెప్పులు విడిచాను, చీర కుచ్చిళ్ళు పైకి దోపాను, ఎక్కాను. గుట్ట మీద నిలబడి చెయ్యి పైకెత్తితే రెండు గీతలు వచ్చాయి. టైపు చేశాను: "నేనే రాశాను ఈ భాగం. పెళ్ళిలో ఉన్నాను, ఆలస్యమైంది, క్షమించండి. మీ సైటు ఇప్పుడు ఏ డేటాబేస్ తెరుస్తోందో ఒక్కసారి చూడగలరా? అసలుదా, ప్రయత్నాలకు పెట్టుకున్నదా?"

కింద భాల్కి ఆడవాళ్ళు ఆగి చూస్తున్నారు. పెళ్ళికొడుకు పిన్ని మా అమ్మను ఉర్దూలో అడిగింది, ఆ లారీ ఎక్కిన పిల్ల ఎవరని. మా అమ్మ క్షణం తడబడి, "మా పిల్లనే. మైగ్రేషన్ పని చేస్తది" అంది. ఆమె ఎంతో గౌరవంగా పైకి చూసి, "అయితే మా వాని సర్టిఫికెట్ సంగతి..." అని మొదలుపెట్టింది.

జవాబు వెంటనే రాలేదు. నేను షామియానాల మీద కూలబడ్డాను. ఎండ మాడుస్తోంది, పూలు వాడిపోయాయి, హైవే మీద లారీలు హారన్లు కొట్టుకుంటూ పోతున్నాయి. చిన్నప్పుడు ఆదివారపు బడిలో నేర్చిన ప్రార్థనలన్నీ ఒక్కొక్కటే చదివాను. (డేటాబేస్‌కు పనికొచ్చేది ఒక్కటీ లేదు. అన్నీ మనుషులకోసమే రాశారు.) ఫోను గుర్రుమంది. ఆ దీవి ఆమె.

"అయ్యో. నిన్న మార్చి, తిరిగి పెట్టడం మరచాను. ఖాళీదాన్నే చూస్తున్నాను. అసలుది తెరిచాను. అన్నీ ఉన్నాయి. పిల్లల పేర్లన్నీ ఉన్నాయి. పేరు మార్పు కూడా చక్కగా జరిగింది. మీ పెళ్ళి పాడుచేశానా? క్షమించండి."

నేను అట్లాగే వెనక్కి వాలిపోయాను, పట్టుచీరతో, దుమ్ములో. ఆకాశం ఇంత వెడల్పుగా ఉంటుందని హుమ్నాబాద్‌లో ఎప్పుడూ గమనించలేదు. ఏడుస్తున్నానో నవ్వుతున్నానో నాకే తెలియలేదు. ఎంతసేపున్నానో, లారీ పక్కనుంచి డేరా మామ గొంతు వచ్చింది.

"కోడలా, దిగు. బగారన్నం సల్లారుతాంది. గదేం జాగనే పండనీకి?"

"మామా, నా టేబుళ్ళు గూడ దొరికినయ్!"

మామ ఆలోచించాడు. "నీకు టేబుళ్ళెక్కడియే?"

"నావి గాదు, ఒకామెవి. సముద్రంల ఒక దీవి ఉంది, అక్కడ."

"దీవికా?" మామ కళ్ళు పెద్దవయ్యాయి. వృత్తిపరమైన ఆందోళన. "గంత దూరం ఎట్ల పంపిండ్రు? వాపసొస్తయా మరి?"

వస్తాయని చెప్పాను. ఆయన మనసు కుదుటపడింది. చెయ్యి అందించి నన్ను దింపాడు. బడి వెనక నీడలో, వరసగా వేసిన ఆ టేబుళ్ళలో ఒకదాని ముందు కూర్చున్నాను. ఎదురుగా విస్తరి నిండా బగారన్నం, దాల్చా, పక్కన డబల్ కా మీఠా. అంత ఆకలి నాకు అంతకుముందు ఎన్నడూ వెయ్యలేదు, తరువాతా వెయ్యలేదు. కిటికీ కింద అరిచింది నేనేనని మామకు ఆ సాయంత్రం అవ్వ చెప్పేసింది. ఆయన నన్ను తిడతాడనుకున్నాను. "పోనీతీ," అన్నాడు, "దానివల్ల మా అమ్మ చేతితోని ఇచ్చినట్టయింది పిల్లను. నాకన్న ఆమెకే హక్కుండె." అనేసి, కుర్చీలు లెక్కపెట్టుకోవడానికి వెళ్ళాడు.

పెద్దాయన దగ్గర్నుంచి మర్నాడు ఒక ఉత్తరం. "బాగుంది" అని మొదలైంది. తరువాతి వాక్యం చూశాను. "కానీ టూలు పని మొదలుపెట్టేముందు, ఏ డేటాబేస్‌లో ఉన్నదీ పేరుతో సహా ఒకసారి చెబితే ఎవరికీ ఇట్లాంటి రోజు రాదు. రాస్తావా? తొందరేమీ లేదు. పెళ్ళి ఎట్లా జరిగింది?" నేను ఆ రోజే రాశాను. చిన్న ముక్క. మొదలుపెట్టేముందు జాగా పేరు చెబుతుంది. నేను రాసినవాటిలో ఆయన మొదటిసారే ఒప్పుకున్నది అదొక్కటే.

చాలా ఏళ్ళయింది. ఇప్పుడు ఆ పెద్దాయన తప్పుకున్నాడు, ఆయన చూసే పనిలో కొంత నేను చూస్తున్నాను. బీదరు నుంచే. కొత్తపిల్లలు పంపేవాటికి "బాగుంది" అని రాసి, ఆ తరువాత "కానీ" అని రాస్తుంటాను, పాపం. ఈమధ్య ఒక కుర్రాడు నేను అప్పుడు రాసిన ముక్కను తీసేసి, అదే పనిని ఇంకా పొట్టిగా, ఇంకా అందంగా చేసేట్టు రాసి పంపాడు. కింద మర్యాదగా ఒక ప్రశ్న: "పాతదాన్ని ఇంత కంగారుగా ఎందుకు రాసినట్టు? ఏదైనా కారణం ఉందా, నేను గమనించనిది?"

జవాబు రాయడం మొదలుపెట్టాను. హుమ్నాబాద్, పెళ్ళి, కిటికీ, అవ్వ, లారీ. సగం పేజీ అయింది. చదువుకుని నవ్వుకున్నాను. ఆ పిల్ల కనపడింది, కుచ్చిళ్ళు దోపుకుని, షామియానాల గుట్ట మీద, ఒక్క చెయ్యి ఆకాశంలోకి ఎత్తి. ఎంత భయపడిందో పాపం, లోకమంతా తన చేతిలోనే ఉందనుకుని. రాసిందంతా చెరిపేసి, "కారణం ఏమీ లేదు, రాసినామె అప్పుడు కొత్త. నీదే బాగుంది" అని రాశాను. "కానీ" మాత్రం పెట్టలేదు.